కోయించుకుని తగ్గడమా, తగ్గి కోయించుకోవడమా?

వేలాడే పొట్టను కోసి బిగించే టమ్మీ టక్, కొవ్వు పీల్చడం లాంటి పొట్ట ఆపరేషన్ల మీద వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. రెండు కాన్పులూ పెద్దాపరేషనే. పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయింది. పొట్ట కింద మడతపడి వేలాడుతోంది, చీర కుచ్చిళ్లు నిలవడం లేదు. షుగర్‌కి మాత్రలు వాడుతున్నాను. వైశాఖంలో ఆడపడుచు పెళ్లి. ఈలోగా టమ్మీ టక్ చేయించుకోవచ్చా? లావుగా ఉన్నవాళ్లకు ప్రమాదమంటున్నారు, నిజమేనా? (ఒక సోదరి, రాజాం)

జవాబు: కొంత నిజమే. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. మీది 34. మనవాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. ఈ ఆపరేషన్‌కు మాత్రం చాలామంది సర్జన్లు 30 లోపు ఉంటే నిశ్చింతగా ఒప్పుకుంటారు. 30 నుంచి 35 మధ్య మనిషిని బట్టి, జబ్బులను బట్టి చూస్తారు. 35 దాటితే తగ్గి రమ్మంటారు. మీ ఎత్తుకు 30 అంటే 72 కిలోలు. అక్కడికి పది కిలోల దూరంలో ఉన్నారు. షుగర్ కూడా ఉంది కాబట్టి ఇప్పుడు వద్దనే మా మాట. పెళ్లి ముహూర్తాన్ని బట్టి ఆపరేషన్ తేదీ పెట్టుకోవడం అసలే వద్దు.

ఈ ఆపరేషన్ బరువు తగ్గించడానికి కాదు. ఒక తుంటి ఎముక నుంచి రెండో తుంటి ఎముక దాకా పొత్తికడుపు కింద కోస్తారు. చర్మాన్ని, దాని కింది కొవ్వును పక్కటెముకల దాకా లేపుతారు. కాన్పుల వల్ల ఎడంగా జరిగిన నిలువు కండరాలను దగ్గరకు లాగి కుడతారు. మిగిలిన చర్మాన్ని కిందికి లాగి, ఎక్కువైనదాన్ని కోసేసి, బొడ్డుకు కొత్త చోట రంధ్రం చేసి కుడతారు. ఇంత చేసినా సాధారణంగా ఒంట్లోంచి పోయేది ఒకటి నుంచి మూడు కిలోలే.

లావుగా ఉన్నవాళ్లకు ఎక్కడ తేడా వస్తుందంటే, కొవ్వుకు రక్తప్రసరణ తక్కువ. పైకి లేపిన చర్మంలో రక్తం ఆఖరున చేరేది బొడ్డు కింద, కోత మధ్య భాగానికి. కొవ్వు పొర మందంగా ఉన్నకొద్దీ అక్కడ కుట్లు విడిపోవడం, చీము పట్టడం, చర్మం నల్లబడి చచ్చిపోవడం పెరుగుతాయి. షుగర్ దీనికి తోడైతే గాయం వారాల తరబడి మానదు. పొగాకు ఇంకా చెడ్డది, నికోటిన్ సన్న రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. సిగరెట్టే కాదు, చుట్ట, ఖైనీ కూడా లెక్కే. మన తీరప్రాంతపు ఊళ్లలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటున్న ఆడవాళ్లు దాన్ని డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడతారు. చెప్పి తీరాలి, కనీసం నాలుగు వారాల ముందే మానాలి.

రెండోది నీరు చేరడం. లేపిన చర్మానికీ కండరానికీ మధ్య ఖాళీలో పసుపు రంగు నీరు ఊరుతుంది. అందుకే రెండు పక్కలా డ్రెయిన్ ట్యూబులు పెడతారు. రోజు మొత్తానికి 30 మిల్లీలీటర్ల లోపు వచ్చేదాకా తీయరు. తీసేశాక మళ్లీ చేరితే క్లినిక్‌లో సూదితో లాగుతారు, ఒక్కోసారి నాలుగైదు సార్లు కూడా.

మూడోది అరుదు, కానీ ప్రాణాంతకం. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం. ఆపరేషన్ బల్ల మీద మూడు గంటలు కదలకుండా పడుకోవడం, కండరాలు బిగించడంతో పొట్టలో పెరిగే ఒత్తిడి, ముందే ఉన్న లావు, ఈ మూడూ కలిస్తే ఆ ముప్పు పెరుగుతుంది. ఆ రోజే మంచం దిగి నడిపించడం, కాళ్లకు బిగుతు మేజోళ్లు, అవసరమైతే హెపారిన్ రకం ఇంజెక్షన్లు దీనికోసమే. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రేపు చూద్దామనకండి, 108కి ఫోన్ చేయండి. ఈ ముప్పు ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు ఉంటుంది.

మీ షుగర్ మాత్రల చీటీ మత్తు డాక్టరుకు చూపించండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకమైతే కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు. లేకపోతే షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లాలు పెరిగిపోవచ్చు. బరువుకు సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు మొదలుపెడితే అదీ చెప్పాలి. అవి కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి కాబట్టి రాత్రి నుంచి ఏమీ తినకపోయినా లోపల అన్నం మిగిలి, మత్తులో ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. గట్టిగా గురక, పగటి కునుకు ఉంటే నిద్రలో ఊపిరి ఆగడం గురించి ముందే పరీక్ష చేయించాలి. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 7 శాతం దగ్గరికి, హిమోగ్లోబిన్ 12 దగ్గరికి తెచ్చుకోండి.

పెద్దాపరేషన్ మచ్చ అడ్డంగా కింద ఉంటే చాలావరకు తీసేసే చర్మంతోపాటే పోతుంది. కుడి పక్కటెముకల కింద పిత్తాశయానికి కోసిన పాత మచ్చ ఉంటేనే చిక్కు. చర్మాన్ని లేపాక పక్కల నుంచి వచ్చే రక్తానికి ఆ మచ్చ అడ్డుపడుతుంది. అలాంటిది ఉంటే మొదటి రోజే సర్జన్‌కు చెప్పండి.

పెళ్లి సంగతి. ఆపరేషన్ తర్వాత వారం పైనే ముందుకు వంగి నడవాలి. ఆరు వారాలు రాత్రింబవళ్లు బెల్టు, ఐదు కిలోల పైన బరువెత్తకూడదు. నీళ్ల బిందె, పిల్లాడు, బియ్యం సంచి అన్నీ బరువులే. వాపు పూర్తిగా దిగడానికి మూడు నెలలు దాటుతుంది. వైశాఖం ఉక్కలో ఆ బెల్టు కింద చెమట పొక్కులు ఖాయం. వారానికి అరకిలో చొప్పున ఐదారు నెలల్లో పది కిలోలు తగ్గి, ఆ బరువు మీద ఆరు నెలలు నిలవండి. చోడంబలి (రాగి అంబలి) తాగితే తగ్గిపోతామని చాలామంది అనుకుంటారు. చోళ్లు మంచివే, కానీ గ్రాముకు గ్రాము చూస్తే వాటి కేలరీలు బియ్యానికి దాదాపు సమానం. తగ్గించాల్సింది కంచంలో కొలత. అప్పుడు కార్తీకం, మార్గశిరం చూసుకుని చేయించుకోండి. మిగిలిన మడత ఎంతో అప్పటికి తెలుస్తుంది, కోత కూడా చిన్నదవుతుంది.

ప్రశ్న: వయసు 45. ఎత్తు 170, బరువు 92. కాళ్లూ చేతులూ మామూలే, పొట్ట మాత్రం కుండలా గట్టిగా ఉంటుంది. ఆపరేషన్‌తో పోతుందా? (ఒక పాఠకుడు, నరసన్నపేట)

జవాబు: పోదు. వెల్లకిలా పడుకుని చూసుకోండి. పొట్ట పక్కటెముకల మట్టం కంటే కిందికి దిగిపోతే కొవ్వు చర్మం కింద ఉన్నట్టు. పడుకున్నా గుమ్మటంలా నిలబడితే, వేళ్లతో పట్టుకుంటే పిడికెడు కూడా అందకపోతే, అది కండరాల వెనక పేగుల చుట్టూ ఉన్న కొవ్వు. దాన్ని టమ్మీ టక్ కత్తీ అందుకోదు, కొవ్వు పీల్చే గొట్టమూ అందుకోదు. బలవంతంగా కండరాలు బిగిస్తే లోపల చోటు చాలక ఊపిరి అందదు, కుట్లు తెగుతాయి. నిజం చెప్పాలంటే మీది కత్తి అక్కర్లేని పొట్ట. తిండి తగ్గించడం, నడక, తాగుడు మానడంతో ముందు తగ్గేది ఈ లోపలి కొవ్వే. షుగర్, బీపీ, లివర్ పరీక్షలు చేయించుకోండి.

ప్రశ్న: బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత 112 నుంచి 74 కిలోలకు వచ్చాను. ఎత్తు 160. చర్మం తొడల మీదికి వేలాడుతోంది, మడతలో ఒరుసుకుని పుళ్లు. ఇప్పుడు కోయించుకోవచ్చా? (ఒక సోదరి, బొబ్బిలి)

జవాబు: ఈ ఆపరేషన్‌తో నిజంగా బాగుపడేది మీలాంటివారే. మీ బీఎంఐ 29. మొదటి ఆపరేషన్ అయి ఏడాది నుంచి ఏడాదిన్నర గడిచి, ఆరు నెలలుగా బరువు కదలకుండా ఉంటే సర్జన్‌ను కలవండి. కండరాల జోలికి పోకుండా వేలాడే చర్మాన్ని మాత్రమే తీసే పద్ధతి కూడా ఉంది, అడగండి. అది పెద్ద అందమేమీ ఇవ్వదు, పుళ్ల బాధ తీరుస్తుంది. మీకు అసలు భయం రక్తహీనత, మాంసకృత్తుల లోటు. ఐరన్, బీ12, ఆల్బుమిన్ చూపించుకోండి. రోజుకు 60 నుంచి 70 గ్రాముల మాంసకృత్తులు అందకపోతే కుట్లు పట్టవు. బొడ్డు దగ్గర హెర్నియా ఉందేమో స్కాన్‌లో చూపించుకోండి, తెలియక కోస్తే పేగుకు తగులుతుంది. పుళ్లు పూర్తిగా ఆరాకే తేదీ. ఆరోగ్య బీమా పాలసీలు అందం కోసం చేసే ఆపరేషన్‌కు డబ్బివ్వవు, పుళ్ల చికిత్స చీటీలు, ఫొటోలు దాచుకుంటే వైద్య అవసరమని అడగడానికి ఆధారం ఉంటుంది.

ప్రశ్న: నా బరువు 96. వైజాగ్‌లో ఒక క్లినిక్‌వారు ఒకేసారి పది లీటర్ల కొవ్వు పీల్చేసి సాయంత్రానికి ఇంటికి పంపేస్తామన్నారు. వెళ్లమంటారా? (ఒక పాఠకుడు, కవిటి)

జవాబు: వద్దు. ఐదు లీటర్లు దాటితేనే దాన్ని పెద్ద ఎత్తున తీయడం అంటారు. అది ఆసుపత్రిలో, రాత్రంతా నాడి, బీపీ, మూత్రం కొలుస్తూ చూడాల్సిన పని. ఒంట్లో నీరు, లవణాలు ఒక్కసారిగా తారుమారవుతాయి. పైగా మీది ఉద్దానం. అక్కడ పైకి ఏమీ తెలియకుండానే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు ఎందరో. ముందు క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించండి. తేడా ఉంటే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా రాయవద్దని చెప్పాలి. ఎక్కడికి వెళ్లినా మూడు అడగండి: చేసేవారికి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ) గానీ పట్టా ఉందా, మత్తు డాక్టరు మొదటి నుంచి చివరిదాకా ఉంటారా, ఐసీయూ అదే భవనంలో ఉందా. రెండో అభిప్రాయానికి వైజాగ్ కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి)లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. కవిటి నుంచి వైజాగ్ రెండొందల కిలోమీటర్ల పైమాటే కాబట్టి, ఏ ఆపరేషన్ అయినా డ్రెయిన్లు తీసేదాకా ఆ ఊళ్లోనే ఉండండి. తిరుగు ప్రయాణంలో గంటకోసారి కారు ఆపి ఐదు నిమిషాలు నడవండి.