పాట ఎవరు వింటున్నారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు టీవీ కుటుంబ హాస్యకథల్లోని పాటల గురించే. చెన్నై రీరికార్డింగ్ హాళ్లలో వయొలిన్ వాయించి బతికినదాన్ని కనుక ఈ విషయం నాకు ప్రాణం. ఒకటి రెండు జవాబులు పొడవుగానే ఉంటాయి.

రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ 'రిప్లై 1988' చూస్తున్నాం. మాకెవరికీ కొరియన్ ఒక్క ముక్క రాదు. అయినా పాట మొదలవగానే మా అత్తగారితో సహా అందరి కళ్లూ చెమరుస్తాయి. మాటలు తెలియని పాటకు ఇంత బలం ఎక్కడిది?
– ఒక పాఠకురాలు, అన్నానగర్, చెన్నై

అమ్మా, తెరమీద పాట వినిపించగానే నేను మొదట అడిగేది ఒకటే: ఈ పాటను ఎవరు వింటున్నారు? ఆ ధారావాహికలో ఈ ప్రశ్నకు ఎప్పుడూ జవాబు ఉంటుంది. మీ అత్తగారిని కదిలిస్తున్నది అదేనని నా నమ్మకం.

2015 నవంబరు నుంచి 2016 జనవరి దాకా 20 భాగాలుగా వచ్చిన కథ అది. సియోల్‌లో సాంగ్‌మున్‌డాంగ్ అనే పేట, అందులో ఒక సందు, ఆ సందులో ఐదు కుటుంబాలు. అందులో వాడిన పాటల్లో ఎక్కువ భాగం పాతవే, కొత్త గొంతులతో మళ్లీ పాడించారు. 'చిన్నది' అని అర్థం వచ్చే పాట ఒకటుంది. దాన్ని 1985లో లీ మున్‌సే పాడాడు, ధారావాహిక కోసం ఓ హ్యోక్ అనే గాయకుడు పాడాడు. ఆ లీ మున్‌సేయే ఆ రోజుల్లో రాత్రిపూట రేడియోలో కుర్రకారుకు ఇష్టమైన కార్యక్రమం నడిపేవాడు. అంటే ఆ సందులోని పిల్లలు దుప్పటి ముసుగులో విని ఉండగల గొంతు అది. మీ అత్తగారి తరానికి రేడియో సిలోన్ తెలుగు ప్రసారాల్లో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఎలాంటిదో అడిగి చూడండి, సగం జవాబు ఆవిడే చెబుతారు.

'యవ్వనం' అనే మరో పాటలో నన్ను పట్టేసిన విషయం వేరే ఉంది. సన్‌ఉల్లిమ్ అనే బృందం 1981లో చేసిన పాట అది. కిమ్ ఫిల్ అనే యువకుడు దాన్ని మళ్లీ పాడుతుంటే, మొదట పాడిన కిమ్ చాంగ్‌వాన్ కూడా తోడుగా గొంతు కలిపాడు. ఒకే పాటలో కుర్ర గొంతు, వయసు మళ్లిన గొంతు. కథ నడిచే తీరూ అదే కదా! పెద్దదైన కథానాయిక వెనక్కి తిరిగి చెబుతూ ఉంటుంది, తెరమీద ఆమె పద్దెనిమిదేళ్ల పిల్లగా తిరుగుతూ ఉంటుంది. మాట రాకపోయినా ఆ రెండు వయసులూ చెవికి తెలుస్తాయి.

ఇక మీరు గమనించి ఉండరు కానీ, 'దిగులు పడకు' అంటూ లీ జుక్ పాడే పాట అసలు 2004 నాటిది, జాన్ ఇన్‌గ్వాన్ పాట. 1988లో ఆ సందులో ఎవరికీ అది తెలిసే అవకాశమే లేదు. మరి వింటున్నదెవరు? ఇన్నేళ్ల తరువాత తలచుకుంటున్న మనిషి. అప్పటి అమ్మానాన్నలతో అప్పుడు చెప్పలేకపోయిన ఓదార్పును ఇప్పటి పాటతో చెబుతోంది. కాలం లెక్క తప్పిందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. అది చాలా ఆలోచించి చేసిన పని.

మరొక్క మాట. ఆ సందులో రాత్రి వంటలయ్యే వేళ తల్లులు పిల్లల చేతికి గిన్నెలిచ్చి పక్కింటికి పంపే ఘట్టం మొదటి భాగంలోనే ఉంది. ఈ ఇంటి కూర ఆ ఇంటికి, ఆ ఇంటి పులుసు ఈ ఇంటికి. తిరిగి తిరిగి పిల్లలు విసుక్కుంటారు, మనం నవ్వుతాం. ఇలాంటి చోట కడుపునిండా నవ్వించారు కనుకే తరువాత పాటకు మన దగ్గర చోటు దొరుకుతుంది. నవ్వని ఇంట్లో పాట పెడితే అది శోకగీతమే అవుతుంది.

మన ధారావాహికల్లో ఎవరైనా జారిపడితే 'టొయ్యింగ్', అత్త చూస్తే మూడుసార్లు ఉరుము. ఇవి అవసరమా?
– ఒక విద్యార్థి, తాంబరం

అవసరం లేదు బాబూ. ఆ ఉరుమును ఇంట్లో ఎవరూ వినడం లేదు, మనల్ని బెదిరించడానికి బయటినుంచి వేసింది. నటి కళ్లతో చెప్పగలిగినదాన్ని కీబోర్డు చేత చెప్పించడం ఆ నటికి అన్యాయం. పైన చెప్పిన కొరియన్ కథలో కూడా ఇబ్బందికరమైన క్షణంలో మేక అరుపు వేస్తారు. అయితే అది కథ చెబుతున్నవాళ్ల వేళాకోళం. తమవాళ్లను తామే ఆటపట్టిస్తున్నారని వెంటనే తెలిసిపోతుంది. పైగా అది అరిచాక కాసేపు నిశ్శబ్దంగా ఉండనిస్తారు.

'ది వండర్ ఇయర్స్' అనే అమెరికన్ ధారావాహికను చిన్నప్పుడు కేబుల్‌లో చూసేవాణ్ని. ఆ మధ్య ఇంటర్నెట్‌లో దొరికితే మా అబ్బాయికి చూపించాను. టైటిల్ పాట వేరే గొంతులో వచ్చింది! నా జ్ఞాపకమే తప్పా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

మీ జ్ఞాపకం నిక్కమైనదే. అమెరికా టీవీ ఛానెల్ ఏబీసీలో 1988 జనవరి 31న మొదలై 1993 మే దాకా 115 భాగాలు నడిచిన ఆ ధారావాహికకు టైటిల్ పాట జో కాకర్ పాడినది. మొదట 1967లో బీటిల్స్ పాడారు, చక్కగా నాలుగు దెబ్బల నడకలో, నడుస్తూ పాడుకోదగ్గ పాట. కాకర్ 1968లో దాన్ని బాగా మందగించి తిశ్రంలోకి, అంటే మూడు దెబ్బల నడకలోకి, తెచ్చాడు, గొంతు చించుకుని పాడాడు. స్నేహితుల సరదా పాట కాస్తా ప్రాధేయపడే పాటైంది. ఇంట్లో చిన్న కెమెరాతో తీసుకున్నట్టుండే దృశ్యాల మీద ఆ గొంతు వినిపిస్తే, కథానాయకుడైన పిల్లాడు కెవిన్ ఇల్లు ఎప్పటికీ ఇలా ఉండదని మొదటి నిమిషంలోనే తెలుస్తుంది.

మొదటి భాగం ముగింపు గుర్తుందా? పక్కింటి విన్నీ అన్నయ్య వియత్నాం యుద్ధంలో చనిపోయాడు. చెట్ల మధ్య ఒంటరిగా కూర్చున్న ఆ పిల్లకు కెవిన్ తన జాకెట్ కప్పుతాడు. అప్పుడు పర్సీ స్లెడ్జ్ 1966లో పాడిన ప్రేమ పాట వస్తుంది. కథ జరుగుతున్నది 1968లో, అంటే వాళ్ల అక్కల గదుల్లో మోగుతున్న పాటే. పెద్దవాళ్ల ప్రేమ గురించి పెద్దవాడు పాడిన పాట పన్నెండేళ్ల పిల్లల మీద పడింది. వాళ్లకంటే పాట పెద్దది. అందుకే ఆ ఘట్టంలో నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి.

గొంతు మారడానికి కారణం హక్కులు. ఒక పాటను దృశ్యానికి వాడుకోవాలంటే రెండు అనుమతులు కావాలి. మాటలకూ బాణీకీ ఒకటి, ఫలానా గొంతుతో చేసిన రికార్డుకు మరొకటి. ఎనభైలలో టీవీ ప్రసారం వరకే అనుమతులు తీసుకోవడం మామూలు. తరువాత డీవీడీలు వచ్చాయి, ఇంటర్నెట్ వచ్చింది. వందల పాటలకు మళ్లీ ఒక్కొక్కటిగా బేరమాడాలి. అందుకే పూర్తి డీవీడీలు 2014 దాకా రాలేదు. ఇంటర్నెట్‌లో మొదట పెట్టినప్పుడు కాకర్ బదులు వేరొకరి చేత పాడించారు. బాణీకి అనుమతి దొరికినా రికార్డుకు దొరకకపోతే చేయగలిగింది అంతే. మీ అబ్బాయికి కాకర్ రికార్డును విడిగా వినిపించండి, ఆ తరువాత మొదటి భాగం మళ్లీ చూపించండి.

నేనూ నా స్నేహితులూ కలిసి కుటుంబ హాస్యంతో చిన్న వెబ్ సిరీస్ తీస్తున్నాం. బామ్మ పాత్రకు 'మాయాబజార్'లోని 'లాహిరి లాహిరి లాహిరిలో' వాడాలని ఉంది. అంత పాత పాటకు అనుమతి అక్కరలేదని అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కొళత్తూరు, చెన్నై

సగమే నిజం. మన చట్టం ప్రకారం రికార్డుకు రక్షణ అది వెలువడిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు. 1957 నాటి రికార్డుకు అది 2017తో ముగిసింది. కానీ మాటలకూ బాణీకీ లెక్క వేరు. రాసినవారు, కట్టినవారు పోయిన తరువాత 60 ఏళ్లు. పాట రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు కనుక ఆయన మాటలకు 2031 చివరిదాకా రక్షణ ఉంది. కాబట్టి ఆ హక్కులు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయో కనుక్కొని, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఏయే మాధ్యమాల్లో, ఎంతకాలం అన్నది స్పష్టంగా రాయించుకోండి. 'వండర్ ఇయర్స్' కథ చదివారు కదా. 2012 సవరణ తరువాత సినిమా హాలు బయట పాట వాడినప్పుడల్లా రాయల్టీలో కవికీ సంగీత దర్శకుడికీ వాటా ఉంది. ఎన్నో ఏళ్ల పోరాటం తరువాత వచ్చిన హక్కు అది, దయచేసి గౌరవించండి.

ఇక అనుమతి దొరికాక నా సలహా: రికార్డు వేయకండి, బామ్మ చేత పాడించండి. పప్పు రుబ్బుకుంటూనో, మందుల డబ్బా వెతుక్కుంటూనో. మధ్యలో ఒక మాట మరచిపోవాలి. మనవడు తనకు తోచిన తప్పు మాట అందించాలి, బామ్మ కోప్పడాలి. అక్కడ జనం నవ్వుతారు. తరువాతి భాగాల్లో ఎప్పుడో, ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అదే మనవడు పొయ్యి దగ్గర నిలబడి సరైన మాటతో ఒక్క చరణం పాడితే చాలు. వెనక ఒక్క వాయిద్యం కూడా వద్దు. వయొలిన్ వాయించేదాన్ని చెబుతున్నాను, అక్కడ వయొలిన్లు వద్దు.

వడపళనిలో 'మాయాబజార్' తీసిన వాహినీ స్టూడియో స్థలంలో ఇప్పుడు పెద్ద మాల్ ఉంది. వీలుంటే మీ బృందమంతా ఒకసారి అక్కడికి వెళ్లి రండి. ఎవరి పాట అడుగుతున్నారో తెలిసి అడగడం మంచిది.

మీకు బాగా ఇష్టమైన టీవీ టైటిల్ పాట?
– ఒక పాఠకురాలు, జయనగర్, బెంగళూరు

తెలుగులో 'అమృతం' పాట. సిరివెన్నెల మాటలు, కల్యాణి మాలిక్ బాణీ. కష్టాన్ని పక్కనే కూర్చోబెట్టుకుని నవ్వమనే పాట, ఎవరు ఎవరికి చెబుతున్నారో మొదటి పిలుపులోనే తెలుస్తుంది. అన్ని భాషల్లో అయితే 'మాల్గుడి డేస్'. మీ శంకర్ నాగ్ ఆగుంబెలో తీసిన ఆ ధారావాహికకు మా చెన్నై వయొలిన్ విద్వాంసుడు ఎల్. వైద్యనాథన్ 'తానానా' అంటూ మాటలే లేని పాట కట్టారు. బడి ఎగ్గొట్టిన పిల్లాడు దారిలో తనకోసం తాను పాడుకునేది. దానికి ఏ భాషా అక్కరలేకపోయింది.