మత్తు డాక్టరు ఎవరో అడిగారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు మత్తు గురించే. నేను విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల్లో మత్తు ఇచ్చే డాక్టర్ని కాబట్టి సంతోషమే, మా గురించి అడిగేవాళ్లు తక్కువ.

ప్రశ్న: మా అమ్మకి 66 ఏళ్లు, షుగరుంది. వచ్చే వారం గుంటూరు కొత్తపేటలో గాల్‌బ్లాడర్‌లో రాళ్లకి ఆపరేషన్. మధ్యాహ్నం రెండింటికట, కానీ ముందురోజు రాత్రి పది నుంచే మంచినీళ్లు కూడా ముట్టొద్దన్నారు. ఈ ఎండల్లో అంతసేపు ఎలాగండీ? (తాడేపల్లి నుంచి ఒక పాఠకుడు)

అంతసేపు అక్కర్లేదు. మామూలుగా అన్నం తింటూ పొలమారితే దగ్గుతాం, మెతుకు బయటికొచ్చేస్తుంది. పూర్తి మత్తులో ఆ దగ్గు ఉండదు. కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది, పరగడుపు అనేది అందుకే. ఇడ్లీలాంటి తేలిక తిండికి 6 గంటలు, బిర్యానీ, వేపుళ్లకి 8 గంటలు, చంటిపిల్లలకి తల్లిపాలైతే 4 గంటలు, మంచినీళ్లకి 2 గంటలు చాలు. పాలు పోసిన కాఫీ మాత్రం తిండి కిందే లెక్క, కడుపులోకి వెళ్లాక పాలు విరిగి గట్టిపడతాయి. మజ్జిగా అంతే, ఎంత పల్చగా చేసినా.

మరి అందరికీ రాత్రి పది అని ఎందుకు చెప్తారంటే, ఆపరేషన్ల వరస ఎప్పుడు మారుతుందో ఎవరికీ తెలీదు, ఒక్కొక్కరికి ఒక్కో టైము చెప్పడం వార్డులో వాళ్లకి కష్టం, అంతే. కాకపోతే షుగరు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో కొందరికి కడుపు నిదానంగా ఖాళీ అవుతుంది, కాబట్టి మీ అమ్మగారి సంగతి మత్తు డాక్టరునే అడిగి టైము రాయించుకోండి. అడిగేటప్పుడు షుగరు మాత్రల చీటీ కూడా చూపించండి. అందులో డాపాగ్లిఫ్లోజిన్ గానీ ఎంపాగ్లిఫ్లోజిన్ గానీ ఉంటే మామూలుగా ఆపరేషన్‌కి 3 రోజుల ముందే ఆపిస్తాం. అది వాడుతూ పస్తుంటే ఒంట్లో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు. తంటా ఏమిటంటే షుగరు కొలిస్తే పెద్దగా పెరిగినట్టు కనపడదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఇంకొకటి. "ఒక్క ఇడ్లీయే కదా" అని పొద్దున్నే పెట్టేసి మాకు చెప్పకుండా దాచే కూతుళ్లు, కోడళ్లు ఉంటారు. తినేస్తే తిన్నారని చెప్పండి, కొన్ని గంటలు వాయిదా వేస్తాం. కాస్త విసుక్కుంటాం కూడా, అది పట్టించుకోకండి.

ప్రశ్న: మా వారు బరువు తగ్గడానికి వారానికోసారి ఇంజెక్షన్ చేసుకుంటున్నారు, ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలీదు. హెర్నియా ఆపరేషన్ ఉంది. సర్జన్‌కి చెప్పనివ్వడం లేదు. (పటమట నుంచి ఒక పాఠకురాలు)

అత్తగారికి చెప్పకపోయినా ఫర్వాలేదు, మాకు మాత్రం చెప్పాల్సిందే. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ లాంటివి కడుపుని నిదానం చేస్తాయి, ఆకలి వేయకపోవడానికి అదీ ఒక కారణం. రాత్రంతా పస్తున్నా పొద్దునకి కడుపులో తిండి మిగిలే ఉండొచ్చు. 2023లో అమెరికా మత్తు డాక్టర్ల సంఘం వారం ముందే ఆపమంది. 2024లో అదే సంఘం మరికొన్ని సంఘాలతో కలిసి, చాలామంది ఆపక్కర్లేదు, వాంతులూ వికారం ఉన్నవాళ్లూ మోతాదు పెంచుతున్నవాళ్లూ జాగ్రత్త పడాలి, అలాంటివాళ్లు ముందు 24 గంటలు ద్రవాహారం మీద ఉంటే మంచిదంది. అంటే ఒకే మాట అందరికీ సరిపోదు. మీ వారు చెప్తే మేం పొట్ట మీద స్కానింగ్ పెట్టి కొద్ది నిమిషాల్లో చూసుకోగలం. చెప్పకపోతే కడుపు ఖాళీ అనుకునే మత్తు ఇస్తాం.

ప్రశ్న: సూర్యారావుపేటలో నాన్నకి ఆపరేషన్ అయింది. మత్తు డాక్టరుని మేం చూడనే లేదు, బిల్లులో మాత్రం ఉన్నారు! ఇది మామూలేనా? (కృష్ణలంక నుంచి ఒక పాఠకుడు)

మామూలే, కానీ మంచిది కాదు. చిన్న ఆసుపత్రుల్లో సొంత మత్తు డాక్టరు ఉండడం తక్కువ, సర్జన్ ఫోన్ చేస్తే మేం ఈ వీధిలోంచి ఆ వీధిలోకి పరిగెడతాం. నేనూ ఏళ్లపాటు అలాగే తిరిగాను. ఒకసారి ఒక పెద్దావిడని మొదటిసారి చూడడమే టేబుల్ మీద చూశాను. "ఇంతకుముందు మత్తు ఇచ్చారా, ఇబ్బందేమైనా అయిందా" అంటే ఏమీ లేదంది. మత్తిచ్చాక గొంతులోకి ఊపిరి అందించే గొట్టం దిగదే! ఆక్సిజన్ పడిపోతుంటే ఎలాగో గట్టెక్కాం. బయటికొచ్చి ఆవిడ కొడుకుతో చెప్తే, "అవునండీ, పదేళ్ల కిందటా ఇదే అన్నారు, కాగితం బీరువాలో ఉంది" అన్నాడు. ఆ కాగితం ముందురోజు నా చేతిలో ఉంటే నా ఏర్పాటే వేరు. తప్పు ఆ అబ్బాయిది కాదు, అడగాల్సినవాణ్ని నేను, ముందురోజు వెళ్లలేదు.

కాబట్టి అడ్మిట్ అయ్యాక నర్సుతో "మత్తు డాక్టరుగారు వచ్చి చూసేదాకా థియేటర్‌లోకి రాం" అని నెమ్మదిగానే అనండి. ఫిట్‌నెస్ రాయించాం కదా అంటారు, అది గుండె డాక్టరు రాసింది, మేం చూసేది నోరు ఎంత తెరుచుకుంటుంది, మెడ ఎంత వంగుతుంది, ఏ పన్ను కదులుతోంది అని. పూర్తి మత్తయితే క్యాప్నోగ్రాఫ్ ఉందా అని కూడా అడగండి. బయటికొచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే మానిటర్ అది. గొట్టం శ్వాసనాళంలోకి కాక ఆహారనాళంలోకి పోతే కొద్ది శ్వాసల్లోనే పట్టిస్తుంది, వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో తెలిసేసరికి నిమిషాలు దాటిపోవచ్చు.

థియేటర్‌లో పేరేంటి, ఏ వైపు ఆపరేషన్ అని పదేపదే అడిగితే మాత్రం విసుక్కోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో పెట్టిన చెక్‌లిస్ట్ అది. ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది. మందుల దగ్గరా అంతే, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఆంప్యూల్‌ని మత్తుమందు అనుకుని వెన్నులోకి ఎక్కించి ప్రాణాలు పోయిన సంఘటనలు ఒక దేశంలో కాదు, చాలా దేశాల్లో ఉన్నాయి. లేబుల్ పైకి చదివి, రెండోవాళ్లకి చూపించి ఎక్కించడానికి అర నిమిషం పట్టదు. రోజుకి ఎనిమిది కేసులు చేసేచోట ఆ అర నిమిషానికే కోత పడుతుంది, నాకు కోపం వచ్చేది అక్కడే.

ప్రశ్న: సిజేరియన్ అయి రెండేళ్లు. నడుంనొప్పి పోలేదు. వెన్నులో సూది వేయించుకున్నావు కాబట్టే అంటారు మా అత్తయ్య. (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

సూది గుచ్చినచోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు, రెండేళ్ల నొప్పి దానిది కాదమ్మా. మామూలు కాన్పయినవాళ్లకీ నడుం నొప్పి వస్తుంది, కడుపుతో ఉన్నప్పటి బరువు, వంగి పాలివ్వడం, బిడ్డని చంకనేసుకుని తిరగడం, ఇవన్నీ ఉన్నాయిగా. ఎముకల డాక్టరుకి చూపించండి. బాలింతలు కంగారుపడి చెప్పాల్సింది తలనొప్పి, లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గేది. కాన్పయిన ఒకటి రెండు రోజుల్లో అది మొదలైతే వెంటనే చెప్పాలి, దానికి వైద్యం ఉంది.

ప్రశ్న: ఆషాఢం వస్తోంది, అదే నెలలో ఆపరేషన్. గోరింటాకు పెట్టుకోవచ్చా? (మంగళగిరి నుంచి ఒక పాఠకురాలు)

చేతి నిండా పెట్టుకోండి. ఆక్సిమీటర్ గోరు గుండా వెలుతురు పంపి ఆక్సిజన్ లెక్కకడుతుంది, ముదురు రంగు నెయిల్ పాలిష్ ఉంటే లెక్క తప్పొచ్చు కాబట్టి అది తీసేయండి. గోరింటాకైతే ఒక వేలు వదిలేసి పెట్టుకుంటే చాలు.