గోడో ఇంజిన్‌కు తెలుగులో అచ్చు మాన్యువల్ తేవచ్చా?

ప్రశ్న: అనంతపురంలో మా కాలేజీ గేమ్ క్లబ్బు తరఫున, వీడియో గేములు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ గోడో ఇంజిన్‌కు తెలుగులో రిఫరెన్స్ పుస్తకం అచ్చు వేయాలనుకుంటున్నాం. అనుమతి కావాలా? ఇక్కడి ప్రెస్సుల్లో పని అవుతుందా? ఇంటర్నెట్‌లో అంతా ఉచితంగా ఉండగా ఎవరైనా కొంటారా?

జవాబు: ఇదే ఊళ్లో, ఇదే పనికి పూనుకున్న ఒక చిన్న బృందంలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

అనుమతి సంగతి తేలికే. గోడో 2014 నుంచి ఎంఐటీ లైసెన్సు అనే ఉచిత వాడకపు అనుమతి కింద అందరికీ అందుబాటులో ఉంది. దాని డాక్యుమెంటేషన్‌లోని పాఠాలు క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 3.0 కిందికి వస్తాయి. అనువదించవచ్చు, కుదించవచ్చు, అమ్ముకోవచ్చు. గోడోను మొదలుపెట్టిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మంజూర్‌ల పేర్లు, గోడో సముదాయం పేరు వేసి, మీరు మార్పులు చేశారని చెప్పాలి. చాలామంది గమనించనిది ఒకటుంది: క్లాసుల (గేము కట్టడానికి ఇంజిన్ ఇచ్చే తయారు భాగాల) వివరణ మాత్రం ఇంజిన్ సోర్సు కోడ్ నుంచే వస్తుంది, దానికి ఎంఐటీ లైసెన్సే వర్తిస్తుంది. అందులోంచి తీసుకుంటే ఆ లైసెన్సు పాఠం కూడా పుస్తకంలో ఉండాలి. అట్ట మీద ‘అధికారిక’ అనే మాట వేయకండి.

అసలు చిక్కు ఏది అచ్చు వేయాలన్నది. క్లాసులు వందల్లో ఉన్నాయి. అన్నీ వేస్తే పుస్తకం ఇటుకలా తయారవుతుంది, పైగా త్వరగా పాతబడుతుంది. 2023 మార్చిలో నాలుగో వెర్షన్ వచ్చినప్పుడు కైనమాటిక్‌బాడీ2డీ అనే క్లాసు పేరు కాస్తా క్యారెక్టర్‌బాడీ2డీ అయింది, స్పేషియల్ పేరు నోడ్3డీ అయింది, కోడ్‌లో యీల్డ్ అనే మాట పోయి అవెయిట్ వచ్చింది. బొమ్మను కదిలించే మూవ్ అండ్ స్లైడ్ ఫంక్షన్‌కు వేగాన్ని బ్రాకెట్లలో ఇచ్చే పద్ధతే పోయింది. మూడో వెర్షన్‌కు అచ్చు వేసుకున్నవారి గతి ఊహించుకోండి. అందుకే మేము నోడ్లు, సీన్లు, సిగ్నళ్లు, ఇన్‌పుట్, ఢీకొనడం, వీటికి సంబంధించి విద్యార్థి రోజూ ముట్టుకునే క్లాసులు మాత్రమే ఉంచాం. మిగతావి వెబ్‌లో చూసుకుంటారు. ఏ వెర్షన్‌కు రాశారో అట్ట మీదే వేయండి, లోపలి పేజీల్లో దాచకండి.

ఎవరు కొంటారంటే, వెతకడానికి పేరు తెలియనివాళ్లు. పేరు తెలిసినవాడికి వెబ్ చాలు. ‘బొమ్మ గోడకు తగిలి ఆగాలి’ అని మాత్రమే తెలిసిన మొదటి సంవత్సరం కుర్రవాడు ఏమని వెతుకుతాడు? పుస్తకం చివర తెలుగులో ‘గోడకు తగిలి ఆగడం’ అని విషయసూచిక ఉండి, పక్కనే ఇంగ్లిషు ఫంక్షన్ పేరు, పేజీ సంఖ్య ఉంటే అక్కడ ఈ పుస్తకానికి విలువ వస్తుంది. కాబట్టి సూచికలు రెండు కావాలి: ఇంగ్లిషు పేర్లది ఒకటి, తెలుగు పనులది ఒకటి. రెండోదాన్ని కంప్యూటర్ వరసకు వదిలేయకండి. కంప్యూటర్ ప్రతి అక్షరానికి ఇచ్చే యూనికోడ్ సంఖ్యల వరసలో ర తర్వాత ఱ, ల తర్వాత ళ వస్తాయి. మన వర్ణమాలలో ళ, ఱ చివరికి చేరతాయి, క్ష కూడా అంతే. వర్ణమాల వరస అలవాటున్న పాఠకుడు వాటిని అక్కడే వెతుకుతాడు. సూచికను చేత్తో సరిచూడటం విసుగు పని, కానీ అనువాదం కన్నా దీని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను.

ప్రెస్సులో పని అవుతుంది, అయితే టైపు చేసే పని వారికి అప్పగించకండి. చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లే వాడతారు. అవి ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లోనే తెలుగును కూర్చుతాయి కాబట్టి, ఆ ఫాంటు పడిన చోట మీ కోడ్ అర్థంలేని తెలుగుగా మారుతుంది. తిన్నగా ఉండాల్సిన కోట్ గుర్తులు వంకర తిరుగుతాయి, వరస మొదట్లో ఖాళీలు చెరిగిపోతాయి. గోడో ప్రోగ్రాం భాష అయిన జీడీస్క్రిప్ట్‌లో ఖాళీ చెరిగితే ప్రోగ్రామే నడవదు. గోడో డాక్యుమెంటేషన్ స్ఫింక్స్ అనే సాధనంతో తయారవుతుంది, దాన్నుంచి లేటెక్ అనే పేజీల అమరిక సాఫ్ట్‌వేర్ ద్వారా పీడీఎఫ్ తీయవచ్చు. తెలుగుకు మండలి, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లున్నాయి. ఫాంట్లు లోపలే పొదిగిన పీడీఎఫ్ ఇచ్చి, ప్లేట్లు వేసే ముందు ఒక ఫారం (ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్ట) ప్రూఫు అడగండి. రంగుల కోడ్ నలుపులో మసకబారుతుంది, ముఖ్యమైన మాటలను బొద్దు అక్షరాల్లో పెట్టండి.

పేజీలు 16కు గుణిజంగా ఉంటే కాగితం వృథా కాదు. బైండింగు కుట్టు వేయించండి. గమ్ బైండింగు పుస్తకం కీబోర్డు పక్కన తెరిచి పెడితే మూసుకుపోతుంది. కొన్ని వందల ప్రతులకు మించకపోతే ఆఫ్‌సెట్, డిజిటల్ రెండింటికీ ధర అడగండి. ప్లేట్ల ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే కదా.

పుస్తకాల గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌ను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి 30 రోజుల్లో పంపాలి. ఆ నాలుగూ లెక్కలో ఉంచుకుని ప్రతుల సంఖ్య చెప్పండి.