టెక్ సందేహాలు: 32 సెకన్లకే కాల్ తెగిపోతోందా?

ఇంటర్నెట్ మీద నడిచే ఆఫీసు ఫోన్ల గురించి చాలా రోజులుగా సందేహాలు పోగవుతున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయించాను. ఉత్తరాలు రాసేవారికి ఒక్క మనవి. ‘ఫోన్ సరిగా పనిచేయడం లేదు’ అని ముక్తసరిగా రాస్తే నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు. ఎవరి మాట ఎవరికి వినిపించడం లేదు? ఎన్నో సెకనులో తెగింది? లోపలికి వచ్చిన కాలా, బయటికి చేసిన కాలా? ఈ మూడూ రాస్తే సగం జబ్బు అక్కడే బయటపడుతుంది.

ప్రశ్న: మా ఆఫీసులో 12 ఐపీ ఫోన్లు ఉన్నాయి. 200 ఎంబీపీఎస్ కనెక్షన్ తీసుకున్నాం. అయినా మధ్యాహ్నం పూట మా మాట అవతలివారికి ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట. వాళ్ల మాట మాత్రం మాకు చక్కగా వినిపిస్తోంది. ఇంకా పెద్ద ప్లాన్‌కు మారమంటారా?

జవాబు: వద్దు. ముందు లెక్క చూడండి. ఆఫీసు ఫోన్లలో ఎక్కువగా వాడే జి.711 కోడెక్, అంటే మాటను డిజిటల్ రూపంలోకి మార్చే పద్ధతి, ఆ మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, సెకనుకు 50 ప్యాకెట్ల చొప్పున పంపుతుంది. మాట ఒక్కదానికే 64 కేబీపీఎస్ కావాలి. ప్రతి ప్యాకెట్‌కూ ఉండే చిరునామా వివరాలు కలిపితే 80, ఈథర్నెట్ తొడుగు కూడా కలిపితే దాదాపు 87. మీ 12 మందీ ఒకేసారి మాట్లాడినా ఒక్కో వైపుకు ఒక ఎంబీపీఎస్ కన్నా కాస్త ఎక్కువ పడుతుంది, అంతే. 200 చాలనిచోట 500 మాత్రం ఏం చేస్తుంది?

అసలు ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. వాళ్ల మాట మీకు బాగుంది, మీ మాట వాళ్లకు తెగుతోంది. అంటే చిక్కు అప్‌లోడ్ వైపు ఉంది. అదీ మధ్యాహ్నమే. ఆ వేళకు ఆఫీసులో ఏదో ఒక కంప్యూటర్ క్లౌడ్ బ్యాకప్ మొదలుపెడుతూ ఉండాలి, లేదంటే ఎవరో పెద్ద వీడియో ఫైళ్లు పంపుతూ ఉండాలి. ఆ ఫైళ్ల ప్యాకెట్లన్నీ మోడెమ్ బఫర్‌లో బారులు తీరుతాయి, మీ మాట వాటి వెనక నిలబడుతుంది. ఇరుకు గేటు దగ్గర లారీల వెనక చిక్కుకున్న సైకిలుకు, వెనక రోడ్డు ఎంత వెడల్పుగా ఉంటే ఏం లాభం? ఫైలు అర సెకను ఆలస్యంగా చేరినా ఎవరికీ పట్టదు. మాట అలా కాదు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని, 400 దాటకూడదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం జి.114 సిఫారసు చెబుతోంది. పైగా వేళ తప్పి వచ్చిన ప్యాకెట్‌ను అవతలి ఫోను వాడుకోదు, పారేస్తుంది. దారిలో పోయినా, ఆలస్యంగా వచ్చినా వినేవారికి ఒకటే.

దీన్ని రుజువు చేసుకోవడం సులువు. తీగతో కలిపిన ఒక కంప్యూటర్ నుంచి బయటి సర్వర్‌ను పింగ్ చేస్తూ, అంటే చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోందో కొలుస్తూ ఉండండి. మామూలుగా 20 మిల్లీసెకన్లు చూపిస్తోందనుకుందాం. ఇప్పుడు ఇంకో కంప్యూటర్ నుంచి ఓ పెద్ద ఫైలు అప్‌లోడ్ చేయండి. ఆ అంకె ఒక్కసారిగా 300, 400కు ఎగబాకితే దొంగ దొరికినట్టే.

మందు రూటర్‌లో ఉంటుంది. ‘స్మార్ట్ క్యూ’ అనో, ‘ఎస్‌క్యూఎం’ అనో ఉన్న అమరిక కోసం వెతకండి. ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ అనే పద్ధతులు అందులో ఉంటాయి. కొలిచి చూసినప్పుడు అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ వస్తే, రూటర్‌లో పరిమితిని 36 దగ్గర పెట్టండి. ఉన్న వేగాన్ని చేతులారా తగ్గించుకోవడమేమిటని అనిపిస్తుంది కానీ కిటుకంతా అందులోనే ఉంది. అప్పుడు వరుస మోడెమ్‌లో కాకుండా మీ రూటర్‌లో ఏర్పడుతుంది. ఎవరిని ముందు పంపాలో మీ రూటర్ నిర్ణయిస్తుంది. ఫోన్లలో మాట ప్యాకెట్లకు ‘వీటిని ముందు పంపు’ అని చెప్పే డీఎస్‌సీపీ 46 గుర్తు కూడా పెట్టండి. అయితే దాని విలువ మీ గడప వరకే. బయటి ఇంటర్నెట్‌లో ఆ గుర్తును ఎవరైనా గౌరవిస్తారని ఆశ పెట్టుకోకండి.

జి.729కు మారితే వేగం తక్కువ చాలుతుందని ఎవరైనా సలహా ఇస్తారు. నిజమే, మాటకు 8 కేబీపీఎస్‌తో సరిపెడుతుంది. కానీ ప్యాకెట్లు అవే 50, నిలబడే వరుసా అదే. నాణ్యత పోగొట్టుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఇంకో మాట: బల్ల మీద ఉండే ఐపీ ఫోనును వైఫైకి తగిలించి, ఆపై మాట తెగుతోందని వాపోయేవారిని చూస్తే నాకు జాలికన్నా విసుగే ఎక్కువ. కదలని ఫోనుకు తీగ వేయండి.

ప్రశ్న: బయటి నుంచి వచ్చిన కాల్ తీస్తే ఇద్దరికీ బాగానే వినిపిస్తుంది. అర నిమిషం గడిచేసరికి తెగిపోతుంది. కొన్ని కాల్స్‌లో అవతలివారి మాట మాకు అసలు రాదు. తప్పు మీ రూటర్‌దని సర్వీసు ఇచ్చేవారు, సర్వీసుదని రూటర్ అమ్మినవారు అంటున్నారు.

జవాబు: గడియారం పెట్టుకుని చూడండి. అది అర నిమిషం కాదు, 32 సెకన్లు అయి ఉంటుంది. ఈ అంకె ఊరికే రాలేదు. ఇంటర్నెట్ ఫోన్లు కాల్‌ను కలపడానికి, ముగించడానికి వాడే సందేశాల పద్ధతిని సిప్ అంటారు. 2002లో వచ్చిన దాని ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 3261లోనే ఈ అంకె ఉంది. కాల్ ఎత్తగానే మీ వైపు నుంచి ‘200 ఓకే’ అనే సందేశం వెళుతుంది. అందిందంటూ అవతలి నుంచి ‘ఏసీకే’ రావాలి. రాకపోతే మీ వ్యవస్థ అర సెకను ఆగి మళ్లీ పంపుతుంది. తర్వాత ఒక సెకను, రెండు, నాలుగు, ఇక ఆపై నాలుగేసి సెకన్లకు ఒకసారి. 32 సెకన్లు గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే కాల్ కుదరలేదని తేల్చుకుని తానే పెట్టేస్తుంది. మాట ప్రయాణించే దారి వేరు కనుక, ఆలోగా మీరిద్దరూ హాయిగా మాట్లాడుకుంటూనే ఉంటారు.

ఏసీకే ఎందుకు రాలేదంటే, మీ ‘200 ఓకే’లో తిరుగు చిరునామా 192.168తో మొదలయ్యే లోపలి చిరునామాగా ఉండి ఉంటుంది. బయటి ప్రపంచంలో ఆ చిరునామాకు దారి లేదు. అవతలి మాట మీకు రాకపోవడానికి కారణం కూడా ఇదే. మాట ఎక్కడికి పంపాలో చెప్పే భాగంలోనూ అదే లోపలి చిరునామా వెళ్లింది.

మొదట రూటర్‌లో ‘సిప్ ఏఎల్‌జీ’ని ఆపండి. లోపలి చిరునామాలను సరిదిద్దుతుందన్న సదుద్దేశంతో పెట్టిన సదుపాయం ఇది. చాలా రూటర్లలో సందేశాలను సగం సగం తిరగరాసి చెడగొడుతుంది. రూటర్ కంపెనీలు దీన్ని ముందే ఆన్ చేసి ఎందుకు అమ్ముతాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. తర్వాత మీ పీబీఎక్స్, అంటే ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపి నడిపే ఎక్స్‌ఛేంజీ, సెట్టింగులు చూడండి. ఆస్టరిస్క్, ఫ్రీపీబీఎక్స్ వంటివి వాడుతుంటే బయటి ఐపీ చిరునామా ఏదో, లోపలి నెట్‌వర్క్ ఏదో రెండూ స్పష్టంగా నింపాలి. మాట నడిచే పోర్టులకు, ఆస్టరిస్క్‌లో సాధారణంగా 10000 నుంచి 20000 వరకు, ఫైర్‌వాల్‌లో దారి ఇవ్వాలి. మీ సర్వీసు వారి చిరునామాలకు మాత్రమే ఇస్తే ఇంకా మంచిది.

ఇక ఎవరిది తప్పన్న తగువు. నెట్‌వర్క్‌లో వెళ్లే సందేశాలను పట్టి చూపించే ఎస్‌ఎన్‌గ్రెప్ గానీ వైర్‌షార్క్ గానీ పెట్టి ఒక్క కాల్‌ను పట్టండి. తెర మీద ‘200 ఓకే’ ఒకదాని కింద ఒకటి పదిసార్లు కనిపించి, ఏసీకే ఎక్కడా లేకపోతే ఆ చిత్రాన్ని ఇద్దరికీ పంపండి. ఆ తర్వాత వాదనలకు చోటుండదు.

పనిలో పనిగా ఇంకో రెండు గడువులు గుర్తుంచుకోండి. కాల్ కచ్చితంగా 15 లేదా 30 నిమిషాలకు తెగుతుంటే, అది సెషన్ టైమర్ పని. కాల్ ఇంకా బతికే ఉందా అని మధ్యలో అడిగే సందేశం దారిలో పోతోందన్నమాట. కాసేపు ఫోన్లు ఖాళీగా ఉంటే లోపలికి వచ్చే కాల్స్ మోగక, మీరు ఓ కాల్ చేయగానే మళ్లీ మామూలైపోతుంటే, రూటర్ తెరిచి ఉంచిన దారిని మూసేస్తోంది. ఫోన్లలో కీప్-ఎలైవ్‌ను, అంటే ఆ దారి మూసుకోకుండా పంపే చిన్న సందేశాన్ని, 30 సెకన్ల దగ్గర పెడితే సరిపోతుంది.

ప్రశ్న: కస్టమర్ కేర్ నంబర్లకు ఫోన్ చేసినప్పుడు ‘ఒకటి నొక్కండి’ అంటే నొక్కుతాం. అవతలి యంత్రానికి అది తెలియడం లేదు.

జవాబు: నొక్కిన అంకె మామూలు శబ్దంగా మాటతో కలిసి వెళుతోంది. మాటను కుదించే కోడెక్‌లు మనిషి గొంతు కోసం తయారైనవి. ఆ శబ్దాన్ని అవి వంకర చేస్తాయి. ఫోన్‌లోనూ, పీబీఎక్స్‌లోనూ, సర్వీసు వారి వైపూ డీటీఎంఎఫ్ (నొక్కిన అంకెను పంపే) పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 4733కు మార్చండి. చాలా మెనూల్లో దాని పాత పేరు 2833 అనే కనిపిస్తుంది.

ప్రశ్న: వారాంతంలో ఆఫీసు మూసి ఉండగా, మేమెన్నడూ మాట్లాడని దేశాలకు రాత్రంతా కాల్స్ వెళ్లాయి. బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది. ఎక్స్‌టెన్షన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టుకున్న మాట నిజమే.

జవాబు: ఇంటర్నెట్‌లో 5060 పోర్టు తెరిచి ఉన్న ప్రతి యంత్రం తలుపునూ బాట్‌లు అదే పనిగా తడుతుంటాయి. వాటి మొదటి ప్రయత్నమే ఎక్స్‌టెన్షన్ 101కి పాస్‌వర్డ్ 101. లోపలికి రాగానే ఖరీదైన నంబర్లకు కాల్స్ మోగిస్తారు, ఆ రాబడిలో వాటా పంచుకుంటారు. ఎవరూ గమనించరనే వారాంతపు రాత్రులను ఎంచుకుంటారు.

అన్నిటికన్నా ముందు సర్వీసు వారికి ఫోన్ చేసి మూడు అడగండి. అంతర్జాతీయ కాల్స్ ఆపేయాలి, లేదా మీకు అవసరమైన దేశాలకే పరిమితం చేయాలి. రోజుకు ఇంతకు మించి ఖర్చు కాకుండా హద్దు పెట్టాలి. ఒకేసారి నడిచే కాల్స్‌కు కూడా హద్దు ఉండాలి. ఈ కట్టుదిట్టాలు మీ పీబీఎక్స్ బయట ఉంటాయి కాబట్టి, రేపు మళ్లీ ఎవరైనా చొరబడినా నష్టం అక్కడితో ఆగుతుంది. నా దృష్టిలో వీటి విలువ మిగతా జాగ్రత్తలన్నిటినీ కలిపినా రాదు.

ఆ తర్వాత ప్రతి ఫోనుకూ వేర్వేరు పొడవాటి పాస్‌వర్డ్‌లు. ఫోనులో ఒక్కసారే నింపేవి కనుక గుర్తు పెట్టుకోవాల్సిన పనే లేదు. అడ్మిన్ పేజీ ఇంటర్నెట్‌కు కనిపించకూడదు. ఇంటి నుంచి పనిచేసేవారు వీపీఎన్ మీదుగా రావాలి. తప్పు పాస్‌వర్డ్‌తో పదేపదే వచ్చే చిరునామాలను ఫెయిల్2బ్యాన్ అడ్డుకుంటుంది. వాయిస్‌మెయిల్ పిన్ 1234 అయితే అదీ మార్చండి. కొన్ని వ్యవస్థల్లో అక్కడి నుంచి బయటికి కాల్ చేసే వీలుంటుంది. 5060ని వేరే అంకెకు మార్చితే తలుపు తట్టేవారు తగ్గుతారే తప్ప తాళం గట్టిపడదు. సిప్‌కు టీఎల్‌ఎస్, మాటకు ఎస్‌ఆర్‌టీపీ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతులు పెట్టుకోవడం మంచిదే కానీ, అవి దొంగచాటుగా వినేవారిని ఆపుతాయి, బలహీనమైన పాస్‌వర్డ్‌ను కాపాడవు. బిల్లు ఎవరు కట్టాలన్నది మీ ఒప్పందంలో ఉంటుంది. అది తేలేవరకు కాల్ రికార్డులు, లాగ్‌లు చెరిపేయకండి.

ప్రశ్న: నా మాటే నాకు తిరిగి వినిపిస్తోంది. నా హెడ్‌సెట్ మార్చాలా?

జవాబు: మీది కాదు, అవతలివారిది. మీరు వినే ప్రతిధ్వని దాదాపు ఎప్పుడూ రెండో కొసలోనే పుడుతుంది. వాళ్ల స్పీకర్ నుంచి వచ్చిన మీ గొంతును వాళ్ల మైకే మళ్లీ పట్టి పంపుతోంది. స్పీకర్‌ఫోన్ తీసేసి, శబ్దం తగ్గించమనండి.

ప్రశ్న: కరెంటు పోతే ఫోన్లన్నీ మూగబోతున్నాయి. పాత ల్యాండ్‌లైన్‌కు ఈ బెడద ఉండేది కాదు కదా?

జవాబు: ఉండేది కాదు. దానికి కావలసిన కరెంటు ఎక్స్‌ఛేంజీ నుంచి ఆ తీగలోనే వచ్చేది. ఇప్పుడు ఆ భారం మీ మీద పడింది. ఫోన్లకు నెట్‌వర్క్ తీగ ద్వారానే కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్ పెట్టుకుంటే, మోడెమ్, రూటర్, ఆ స్విచ్, ఈ మూడింటికీ కలిపి ఒక్క యూపీఎస్ సరిపోతుంది. పీబీఎక్స్ మీ దగ్గరే ఉంటే దాన్నీ కలపండి. 802.3ఏఎఫ్ ప్రమాణంలో ఒక్కో పోర్టు గరిష్ఠంగా 15.4 వాట్లు ఇస్తుంది. ఫోన్లు సాధారణంగా అంతకన్నా బాగా తక్కువే వాడతాయి. యూపీఎస్ ఎంపికకు మీ ఫోన్ మోడల్‌పై రాసిన అంకెను లెక్కలోకి తీసుకోండి.

నెట్ పోయినప్పుడు యూపీఎస్ ఏమీ చేయలేదు. మీ ఫోన్లు అందుబాటులో లేకపోతే కాల్స్‌ను ఒకటి రెండు మొబైల్ నంబర్లకు మళ్లించే ఏర్పాటు సర్వీసు వారి వైపే ఉండాలి. పీబీఎక్స్‌లో పెట్టుకుంటే నెట్‌తో పాటే అదీ పడుకుంటుంది. ఆఫీసు ఫోనును ఇంటికి తీసుకెళ్లి వాడేవారుంటే, అత్యవసర నంబరుకు చేసిన కాల్ పాత చిరునామానే చూపించే ప్రమాదం ఉంది. ఆ వివరం మార్పించండి. మళ్లింపు నిజంగా పనిచేస్తోందో లేదో తెలియాలంటే, పని లేని వేళ చూసి మోడెమ్ తీగ పీకి, మీ మొబైల్ నుంచి ఆఫీసు నంబరుకు ఫోన్ చేయండి.