ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి

పాడీ పంటా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ మధ్య వస్తున్న ఉత్తరాల్లో వేలం పాటల గొడవే ఎక్కువ. ట్రాక్టర్ కొనాలనుకునేవాళ్లు, ట్రాక్టర్ పోగొట్టుకున్నవాళ్లు, బర్రెలు చవగ్గా దొరుకుతాయేమోనని అడిగేవాళ్లు. బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసర్‌గా ఉన్నన్నాళ్లు నేను అమ్మేవాళ్ల వైపు కూర్చున్నదాన్ని. అటు నుంచి కనిపించే సంగతులు కూడా కలిపి చెబుతాను.

ప్రశ్న: మేడం, మాది ఇబ్రహీంపట్నం దగ్గర. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక యార్డులో ఫైనాన్స్ వాళ్లు గుంజుకొచ్చిన ట్రాక్టర్లను వేలం వేస్తున్నారు. 45 హార్స్‌పవర్ బండి, 2019 మోడల్, పెయింట్ మెరుస్తోంది. కనీస ధర బయటి రేటు కంటే బాగా తక్కువ. బావమరిది కొనేద్దాం అంటున్నాడు. మా నాయన మాత్రం ‘ఒకరి ఏడుపు మనకెందుకురా’ అంటున్నాడు. ఏమేం చూసుకోవాలి?

జవాబు: పెయింట్ మెరుస్తోందంటే నాకు ముందు అనుమానమే వస్తుంది తమ్ముడూ. కిస్తీలు కట్టలేని మనిషి బండికి రంగెందుకు వేయిస్తాడు? ఎవరు వేయించారో, ఎందుకు వేయించారో అడగండి.

వేలం కాగితం మీద ‘ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా’ అనే వాక్యం తప్పకుండా ఉంటుంది. అందరూ సంతకం పెడతారు, చదివేవాళ్లు తక్కువ. పాట మీ పేరు మీద ఆగాక గేర్‌బాక్స్ పగిలి ఉందని తెలిస్తే ఆ ఖర్చు మీదేనని దాని అర్థం. అందుకే పాట రోజు కంటే, బండ్లు చూసుకొమ్మని ఇచ్చే రోజు ముఖ్యం. ఆ రోజు పొద్దున్నే, మీకు నమ్మకమున్న మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీకంటే ముందే ఎవరో స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో, మొదట ఎలాంటి పొగ వస్తుందో మీకు తెలియకుండా పోయింది. అలాంటప్పుడు కీ తీసి జేబులో పెట్టుకుని, మిగతా బండ్లు చూసి, చల్లారాక రండి.

స్టార్ట్ చేశాక నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. అక్కడ నుంచి పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే రింగులు, లైనర్ల పని ఉంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. ఆ బండి జోలికి వెళ్లొద్దు.

మన వైపు ట్రాక్టర్ల బతుకు సగం వరి మడి దమ్ము చేసే కరిగట్టులోనే గడుస్తుంది. కేజ్‌వీల్స్ (బురదకు వేసే ఇనుప చక్రాలు) వేసుకుని బురదలో తిరిగిన బండికి యాక్సిల్ సీళ్లు పోతాయి. వెనక చక్రాల లోపలి వైపు వంగి చూస్తే నూనె చార కనిపిస్తుంది. యార్డువాళ్లు బయటి వైపు నీళ్లు కొట్టి కడుగుతారు, అక్కడికి ఎవరూ వంగరు. హైడ్రాలిక్ సంగతి తేలాలంటే పక్క బండిదైనా సరే ఒక కల్టివేటర్ అడిగి తగిలించండి. పైకి లేపి, ఇంజిన్ ఆపి, చాయ్ తాగి రండి. వచ్చేసరికి నేల మీద కూర్చుని ఉంటే ధర తగ్గించుకోవాల్సిందే. అవర్ మీటర్ తక్కువ గంటలు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే పెడల్ మాటే నమ్మండి.

యార్డులో నెలల తరబడి ఎండకూ వానకూ నిలబడ్డ బండికి టైర్ల పక్కలు పగులుతాయి, డీజిల్ ట్యాంకులో నీరు చేరుతుంది. బ్యాటరీ, టాప్ లింక్, పిన్నులు చాలాసార్లు మాయమై ఉంటాయి. అవన్నీ కొత్తవి కొంటే ఎంతవుతుందో అక్కడే రాసుకోండి.

ఇక కాగితాలు. ఛాసిస్ నంబర్‌ను గుడ్డతో తుడిచి ఆర్‌సీతో ఒక్కో అంకె సరిపోల్చండి. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటుంది కాబట్టి అది తీసేయడానికి ఫారం 35 మీద వాళ్ల సంతకం కావాలి. కిస్తీ తప్పిన బండిని స్వాధీనం చేసుకున్న కంపెనీ ముందు తన పేరు మీద ఆర్‌సీ తీసుకోవడానికి ఫారం 36 ఉంటుంది. ఆ పని అయిందా లేదా అడగండి. కాలేదంటే ‘డబ్బు కట్టాక చూద్దాం’ అనే మాట ఒప్పుకోవద్దు, ఎన్నాళ్లలో ఇస్తారో రాయించుకోండి. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. ట్రాక్టర్ కాగితాలు చూపించి రెండూ అమ్మేసేవాళ్లున్నారు, జాగ్రత్త.

ధర విషయంలో ఒక్కటే. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పాత బండి ధరను పాత షోరూమ్ రేటుతో పోల్చి ‘చవక’ అనుకుంటే మోసపోతారు. ఇవాళ్టి రేటు కనుక్కోండి. పాడిన మొత్తంలో పన్ను కలిసి ఉందో, పైన వేస్తారో ముందే తెలుసుకోండి. మీ హద్దు ఎంతో ఇంట్లోనే కాగితం మీద రాసి బావమరిది చేతికివ్వండి. పాడేది మాత్రం మీరే పాడండి, ఉత్సాహం ఆయనకు ఎక్కువలా ఉంది.

నాయన మాట అంటారా? మీరు కొనకపోతే ఆ బండి పాత యజమాని ఇంటికి తిరిగి వెళ్లదు. మంచి ధర పలికితే ఆ మేరకు అతని అప్పు తీరుతుంది. అతి చవగ్గా కొట్టేస్తేనే అతనికి నష్టం. నాయనకు ఈ మాట చెప్పి చూడండి.

ప్రశ్న: అక్కా, చేవెళ్ల వైపు మాది. రెండు కిస్తీలు తప్పాయని మా ట్రాక్టర్ తీసుకెళ్లారు. మా ఆయన అవమానంతో ఇంట్లోంచి బయటికి రావడం లేదు. ఇప్పుడు వేలం వేస్తామని నోటీసు వచ్చింది. ఇంక చేసేదేమీ లేదా?

జవాబు: ఉందమ్మా. ముందు ఆ నోటీసు ఏ చట్టం కింద ఇచ్చారో చూడండి. 2002 నాటి సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని పట్టుకుని అమ్ముకోవడానికి బ్యాంకులకు వీలిచ్చే చట్టం) కింద అయితే, చరాస్తిని అమ్మే ముందు అప్పు తీసుకున్నవాళ్లకు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. అసలూ వడ్డీ కలిపి, కట్టాల్సింది 20 శాతం కంటే తక్కువే మిగిలి ఉంటే ఆ చట్టాన్ని వాడే వీలే లేదు. మీరు చాలా కిస్తీలు కట్టేసి ఉంటే ఈ లెక్క తప్పక వేయించండి. అప్పు ఒప్పందంలోని షరతుల మీదే తీసుకెళ్లి ఉంటే ఒప్పందం నకలు, ఖాతా స్టేట్‌మెంట్ రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో అడిగితే గాలికి పోతుంది.

బాకీ కట్టి బండి విడిపించుకోవాలంటే వేలం ప్రకటన వెలువడక ముందే తొందరపడాలి. ఆ తర్వాత చట్టం మీకు ఇచ్చే హక్కు తగ్గిపోతుంది. అయినా అడగడం మానొద్దు. వేలం పెట్టడం బ్యాంకుకు కూడా తలనొప్పే, ఖర్చే. నాలుగు కిస్తీలు ఒకేసారి తెస్తామంటే చాలా మంది మేనేజర్లు కుర్చీలో ముందుకు జరిగి వింటారు. నేను విన్నాను.

ఇక ఎవరూ చెప్పని సంగతి. వేలంలో వచ్చిన డబ్బులోంచి బాకీ, ఖర్చులు పోగా మిగిలితే ఆ సొమ్ము మీది. వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి పిలుస్తారని చూడకండి. ఎంతకు అమ్మారో, ఖర్చులు ఏవేవి వేశారో లెక్క కాగితం అడగండి. తక్కువ పలికితే మిగతాది మీ మీదే ఉంటుంది కాబట్టి మంచి ధర రావడం మీకూ అవసరం. మీకు తెలిసిన కొనుగోలుదారులకు వేలం సంగతి మీరే చెప్పండి. అందులో నామోషీ ఏమీ లేదు.

వసూలు ఏజెంట్లు పొద్దున 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. బెదిరింపులు వస్తే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయొచ్చు. మీ ఆయనకు ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: మేడ్చల్ దగ్గర చిన్న షెడ్డు వేశాను. సికింద్రాబాద్ మిలిటరీ డెయిరీ ఫామ్ ఆవులను వెయ్యి రూపాయలకే ఇచ్చేశారని విన్నాను. ప్రభుత్వ ఫారాల్లో పాడి పశువుల వేలం మళ్లీ ఎప్పుడుంటుంది? అయిదు బర్రెలు కావాలి.

జవాబు: మిలిటరీ డెయిరీ ఫామ్ రోడ్డు అనే పేరు మిగిలింది గాని ఫారాల కథ ముగిసింది. 1889లో అలహాబాదులో మొదలైన సైనిక పాడి క్షేత్రాలను దేశమంతటా 2021 మార్చి 31న అధికారికంగా మూసేశారు. హోల్‌స్టీన్‌కు సాహివాల్‌ను కలిపి తీసిన ఫ్రీస్వాల్ ఆవులు వాళ్ల గొప్ప. వాటిని నామమాత్రపు ధరకు ఇచ్చిన మాట నిజమే. ఇచ్చింది ప్రభుత్వ శాఖలకు, పాడి సహకార సంఘాలకు. మీకూ నాకూ వేలంలో పెట్టలేదు.

ప్రభుత్వ, విశ్వవిద్యాలయ ఫారాలు పశువుల్ని వేలం వేస్తాయి. అందులో వచ్చేవి ఎక్కువగా మగ దూడలు, మందలోంచి ఏరివేసినవి. బాగా పాలిచ్చే గేదెను ఏ ఫారం వదులుకుంటుంది? ‘ఎందుకు తీసేస్తున్నారు’ అని ఒక్కో పశువుకూ విడిగా అడగండి. వయసైపోయిందా, కట్టు నిలవడం లేదా, పొదుగువాపు వచ్చి ఒక చన్ను పోయిందా? రిజిస్టర్ ఉంటుంది, చూపించమనండి. అదొక్కటే ఆ వేలాల్లో ఉన్న లాభం. సంతలో రిజిస్టర్ ఉండదు.

పాలిచ్చే బర్రె కావాలంటే సంతకో, రైతు ఇంటికో వెళ్లాల్సిందే. నార్సింగి సంత పేరు వినని తబేలా యజమాని హైదరాబాద్‌లో ఉండడు. అక్కడ పాట ఉండదు, బేరం ఉంటుంది. రుమాలు కింద ధర చెప్పుకుంటూ బేరమాడే ఇద్దరి వేళ్లు కదులుతుంటాయి. పైన మొహాలు చూస్తే వానల గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. మీకు ఆ భాష రాకపోతే నోటితోనే బేరమాడండి, ఎవరూ నవ్వరు. దళారి కమీషన్ ఎవరిస్తారో మాత్రం ముందే తేల్చుకోండి.

పొదుగు చూసి మురిసిపోవద్దు. ముందు పూట పాలు తీయకుండా నిలిపి తెచ్చిన గేదెకు పొదుగు నిండుగానే ఉంటుంది. వీలైతే వరసగా మూడు పూటలు మీ ఎదుటే పిండించి, మొదటి పూట వదిలేసి, తర్వాతి రెండు పూటల పాలే లెక్కలోకి తీసుకోండి. ఇంజెక్షన్ వేస్తేనే చేపే గేదె వద్దు. నాలుగు చన్నుల ధారలూ విడివిడిగా నల్లటి గిన్నెలోకి తీసి చూడండి, చిన్న గడ్డలు కనిపిస్తే పొదుగువాపే. పక్కనున్న దూడ దానిదేనా? దూడను వదిలితే తల్లి నాకుతుందో, తంతుందో చూడండి, తెలిసిపోతుంది.

వయసుకు పళ్లు చూడండి. కింది దవడలో రెండు పెద్ద పళ్లు వచ్చాయంటే దాదాపు మూడేళ్లు. ఎనిమిదీ కలిసేసరికి అయిదారేళ్లు. రెండో ఈతలోనో మూడో ఈతలోనో ఉన్నది తీసుకుంటే ముందు ముందు ఇంకా పాలు పెరుగుతాయి. ‘చూడిది’ అని చెబితే డాక్టరు చెయ్యి పెట్టి చెప్పేదాకా నమ్మొద్దు. చెవికి 12 అంకెల ట్యాగ్ ఉంటే పశువైద్యుడి దగ్గర నంబర్ చూపించి గాలికుంటు టీకాలు పడ్డాయేమో కనుక్కోండి. ఈసుకుపోయే రోగానికి (చూడి నిలవకుండా చేసే బ్రూసెల్లోసిస్) రక్తపరీక్ష చేయించండి. ఆ రోగం మనుషులకూ అంటుతుంది, పిండేవాళ్లకు మరీ. తెచ్చిన తర్వాత మూడు నాలుగు వారాలు మీ మందకు దూరంగా కట్టేయండి.

అయిదు బర్రెలంటున్నారు కాబట్టి ఒకే బండిలో వస్తాయి. పశువుల రవాణా నిబంధనల ప్రకారం లారీలో ఆరుకు మించి ఎక్కించకూడదు, తోడు ఒక మనిషి ఉండాలి, ప్రయాణానికి పనికొస్తాయని పశువైద్యుడి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. సంత చీటీ, రశీదు పడేయకండి, దారిలో ఆపితే అవే దిక్కు.

ప్రశ్న: ప్రైవేటు అప్పు మీద కోర్టు డిక్రీ తెచ్చుకున్నవాడు ‘నీ ఎడ్లు, నాగలి కూడా వేలం వేయిస్తా’ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: వ్యవసాయదారుడి పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించే పశువులు, విత్తన ధాన్యం జప్తు చేయడానికి వీల్లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. 1908 నుంచీ ఉన్న రక్షణ అది. అయితే అది దానంతట అదే పని చేయదు. వకీలు ద్వారా కోర్టులో అభ్యంతరం వేయాలి. బ్యాంకుకు మీరే తాకట్టుగా రాసిచ్చిన ట్రాక్టర్‌ను సర్ఫేసీ కింద పట్టుకుంటే ఈ రక్షణ చెప్పుకోలేరు, అది వేరే సంగతి.

ప్రశ్న: పాటలో నా మీద పోటీగా పాడినవాడు అమ్మేవాళ్ల మనిషేనని తర్వాత తెలిసింది. డబ్బు కట్టేశాను.

జవాబు: 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ సరిగ్గా దీని గురించే. ధర పెంచడానికి అమ్మేవాడు దొంగ పాట పాడిస్తే, ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడికి ఉంది. రుజువు చేయడమే కష్టం. అతను డిపాజిట్ కట్టాడా, కడితే ఎవరి ఖాతా నుంచి కట్టాడు అని అడగండి. అక్కడ బయటపడుతుంది.

ప్రశ్న: ఉప్పల్‌లో రోడ్డు మీద తిరుగుతోందని మా ఆవును పట్టుకెళ్లారు. వేలం వేసేస్తారా?

జవాబు: ఇవాళే వెళ్లండి. బందెలదొడ్ల గురించిన 1871 నాటి చట్టంలో ఏడు రోజులు ఎవరూ అడక్కపోతే పోలీసులకు తెలిపి నోటీసు అంటిస్తారు. ఆ తర్వాత మరో ఏడు రోజులు చూసి బహిరంగ వేలం వేస్తారు. నగరంలో మున్సిపల్ నిబంధనలు కూడా ఉంటాయి కాబట్టి ఆ గడువును నమ్ముకుని కూర్చోవద్దు. ఆలస్యమైన కొద్దీ మేత ఖర్చు మీ మీద పడుతుంది. ఆవు ఫోటో, చెవి ట్యాగ్ నంబర్ తీసుకెళ్లండి.

ప్రశ్న: ప్రభుత్వ ఆఫీసు వేలంలో పాత ట్రాక్టర్ కొన్నాను. ఆర్టీఏ ఆఫీసులో బండి పేరు మార్పుకు మామూలుగా ఇచ్చే ఫారం 29, 30 చాలవంటున్నారు.

జవాబు: వాళ్లు చెప్పింది సరైనదే. ప్రభుత్వం వేసిన బహిరంగ వేలంలో కొన్న బండికి ఫారం 32 కావాలి. బండి చేతికొచ్చిన 30 రోజుల్లోపు ఇవ్వాలి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్‌తో పాటు వేలం వేసిన అధికారి సంతకం చేసిన అమ్మకం ధ్రువీకరణ, వేలానికి అనుమతించిన ప్రభుత్వ ఉత్తర్వు నకలు జత చేయాలి. ఆ ఉత్తర్వు నకలు దగ్గరే అందరికీ ఆలస్యమవుతుంది. వేలం వేసిన అధికారికి బదిలీ కాకముందే వెళ్లి తెచ్చుకోండి.