ఎల్ఎస్50 మెటా స్పీకర్లకి 200 వాట్ల యాంప్లిఫయర్ కావాలా?

పర్లాకిమిడిలో ఉంటున్నారు, కెఫ్ ఎల్ఎస్50 మెటా కొన్నారు, గది పన్నెండు బై పద్నాలుగు అడుగులు. షాపాయన 200 వాట్లు లేకపోతే ఇవి పలకవంటున్నాడు, నిజమేనా అని అడిగారు. నేను బరంపురంలో అవే స్పీకర్లు వాడుతున్నాను. 200 అక్కర్లేదండీ. అలాగని ఆయనది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

వీటి సెన్సిటివిటీ, అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత మోగుతాయన్న లెక్క, 85 డెసిబెల్స్. క్లిప్‌ష్ హెరిసీ 4 అనే స్పీకరుకి అదే లెక్క 99. ఆ 14 డెసిబెల్స్ తేడా పవరులో చూస్తే 25 రెట్లు. కాబట్టి మీవి బద్ధకం స్పీకర్లే. కానీ పవరు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే కదా. 100 నుంచి 200 వాట్లకి వెళ్తే ‘కాస్త పెరిగినట్టుందే’ అనుకుంటారు, అంతే. కంపెనీ వాళ్లు చెప్పేది కూడా 40 నుంచి 100 వాట్లే. రెండేళ్లకోసారి జరిగే మా అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో బాక్సుల మోత విన్న మా ఊరి చెవులకి ఏ వాట్లూ ఆనవు, అది వేరే సంగతి.

అసలు చూడాల్సింది ఓమ్స్, అంటే స్పీకరు కరెంటుకి చూపే అడ్డు. అది తగ్గితే లాగే కరెంటు పెరుగుతుంది. కాగితం మీద 8 అని ఉన్నా కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 3.5కి దిగిపోతాయి. అప్పుడు యాంప్లిఫయర్ తడబడకుండా కరెంటు ఇవ్వాలి. ఇవ్వగలదో లేదో చూడాలంటే 8 ఓమ్స్‌కి ఎన్ని వాట్లు, 4 ఓమ్స్‌కి ఎన్ని వాట్లు అన్నది పక్కపక్కన పెట్టి చూడండి. మరాంట్జ్ పీఎం6007కి 45, 60. కేంబ్రిడ్జ్ సీఎక్స్ఏ81కి 80, 120. రెండోది 4 ఓమ్స్‌కి ఒకటిన్నర రెట్లు ఇస్తోంది, దాని పవర్ సప్లై గట్టిదని అక్కడే తెలిసిపోతోంది. 4 ఓమ్స్ అంకె అసలు రాయని దాన్ని వదిలేయండి. హోమ్ థియేటర్ రిసీవర్ల డబ్బాల మీద కనిపించే పెద్ద అంకెలు చాలావరకు అన్ని ఛానళ్లూ, అంటే అన్ని స్పీకర్లూ ఒకేసారి నడిపి కొలిచినవి కావు.

ఇక మన వైపు అసలు తలనొప్పి ఇంటి కరెంటు. మే నెలలో సాయంత్రం వీధంతా ఏసీలు వేశాక మా ప్లగ్గులో మల్టీమీటరు పెడితే 230 వోల్టులకి బదులు 190 చూపిస్తుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫయర్‌లో వోల్టేజీ పడితే అది ఇవ్వగల పవరు వోల్టేజీ వర్గం లెక్కన పడుతుంది. అంటే 230 దగ్గర 80 వాట్లు ఇచ్చేది అప్పుడు 55 చుట్టూ తిరుగుతుంది. బాగా సౌండు పెట్టి వింటుంటే, పొద్దున గట్టిగా తగిలిన మృదంగం ఎడమ చేతి దెబ్బ రాత్రి మెత్తబడటానికి ఇదొక కారణం కావచ్చు. స్విచింగ్ సప్లై ఉన్న క్లాస్ డి (ట్రాన్సిస్టర్లని స్విచ్చుల్లా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచే రకం) యాంప్లిఫయర్లలో చాలావాటికి ఈ బాధ లేదు, వేడి కూడా తక్కువ. మన ఉక్కపోతలో క్లాస్ ఏ రకం యాంప్లిఫయర్ మాత్రం వద్దు, పాట పెట్టకపోయినా కరెంటు తాగుతూ కాలిపోతూ ఉంటుంది.

స్టెబిలైజర్ కొంటే మోటారుతో వోల్టేజీని మెల్లగా సర్దే సర్వోది కొనండి. స్విచ్చులతో మెట్లుమెట్లుగా సర్దే రిలేది గేరు మార్చినప్పుడల్లా స్పీకర్‌లో టక్కుమంటుంది. ఒక కేవీఏ ధారాళంగా సరిపోతుంది. సర్వో మోటారు సన్నగా గురగురమంటుంది కాబట్టి గోడకి అవతల పెట్టుకోండి.

ఎర్తింగ్ కూడా ఒకసారి చూపించుకోండి. మేము ఇదివరకు ఉన్న అద్దె ఇంట్లో త్రీపిన్ సాకెట్ ఉండేది గాని వెనక ఎర్త్ వైరే లేదు. కంప్యూటరు తగిలించాక యాంప్లిఫయర్ మీద చెయ్యి ఆనిస్తే జివ్వుమనేది, స్పీకర్లలో గుంయ్‌మని హమ్. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెరట్లో ఎర్త్ వేయించాక రెండూ పోయాయి.

మీ గదికి నేనైతే 8 ఓమ్స్‌కి 60 నుంచి 80 నికరమైన వాట్లు, 4 ఓమ్స్‌కి దానికి ఒకటిన్నర రెట్లు ఇచ్చేది తీసుకుంటాను. మిగిలిన డబ్బు సర్వోకీ, మంచి స్టాండ్లకీ. కొనేముందు రెండు రోజులు ఇంట్లో పెట్టుకుంటానని అడిగి, వోల్టేజీ బాగా పడే రాత్రి ఎనిమిదింటికి వినండి. ఒప్పుకోకపోతే మీ స్పీకర్లనే కారులో వేసుకుని విశాఖపట్నం షోరూముకి పట్టుకెళ్లండి, వాటితోనే వినిపించమనండి. స్పీకర్లొచ్చిన అట్టపెట్టెలు పారేయలేదు కదా?