మొరాకో రాయి, మన వరి మడి

ప్రశ్న: డీఏపీ ఎరువుకు ముడిసరుకైన ఫాస్ఫేట్ రాయి (భాస్వరం ఉన్న రాయి) మొరాకో నుంచి వస్తుందంటున్నారు, నిజమేనా? ఆ రాతి పొడినే మా ఎర్ర నేలలో చల్లుకోవచ్చా?
– ఒక రైతు, గుణుపూర్, రాయగడ జిల్లా

జవాబు: నిజమేనండీ. ప్రపంచ ఫాస్ఫేట్ రాతి నిల్వల్లో దాదాపు మూడింట రెండు వంతులు మొరాకో లెక్కలోవే. ఆ దేశంలోని ఖురీబ్గా గనుల్లో 1921 నుంచి తవ్వుతున్నారు. ఒకప్పుడు రైళ్లలోనే పంపేవారు. 2014 నుంచి రాతిని పొడిచేసి, నీళ్లు కలిపి, 187 కిలోమీటర్ల పైపులో జోర్ఫ్ లస్ఫర్ రేవుకు తోస్తున్నారు. ఆ దేశం నుంచి రాయీ, ఫాస్ఫారిక్ ఆమ్లమూ, తయారైన డీఏపీ కూడా మనకొస్తాయి. మీ ఒడిశాలోనే పారాదీప్‌లో ఇదే రాయిని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగించి, అమ్మోనియా కలిపి ఎరువు చేస్తారు.

ఇక పొడి సంగతి. పులుపు (ఆమ్ల) నేలలోనే అది కరుగుతుంది, అదీ నెమ్మదిగా. ముందు మట్టి పరీక్ష చేయించండి. పీహెచ్ (నేల పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 లోపుంటే పశువుల ఎరువుతో కలిపి ఆఖరి దుక్కిలో వేయండి. 7 దాటితే డబ్బు దండగ. సున్నం వేసిన మడిలోనూ అంతే.

50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని ఉంటాయి. భాస్వరం పడ్డచోటు నుంచి పెద్దగా కదలదు. అందుకే నాటుకు ముందే దమ్ములో వేయాలి, పైపాటుగా చల్లితే వేరుకు సరిగా అందదు.